మూడుసార్లకే తాళం

ఆ రోజుల్లో, లోకంలో ఎవరినీ నమ్మకూడదని నాకు కొత్తగా తెలిసింది. నాకై నాకు తెలిసింది కాదులెండి, వారం రోజుల ట్రైనింగులో నేర్పినారు, సర్టిఫికెట్టు కూడా ఇచ్చినారు. నెల్లూరులో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు, కింద టైర్ల కొట్టు, పైన మేం ఏడుగురం. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు ఉంటాయి కదా, వాటిని ఫోన్లోంచి వేసి ఆపే యాప్ చేస్తున్నాం. అట్టాంటి యాప్‌ని ఎవడు ఎట్ట చెడగొట్టగలడో ముందే కూర్చుని ఊహించి, దానికి అడ్డం కట్టాలి. దాన్ని థ్రెట్ మోడలింగ్ అంటారు. మా దగ్గర అప్పటిదాకా అది ఎట్ట జరిగేదంటే, పాత ప్రాజెక్టు కాగితం తీసి పైన పేరు మార్చేవాళ్ళు. (ఒకసారి లోపల మార్చడం మరిచిపోయి, రొయ్యల యాప్‌కి పెళ్ళి సంబంధాల సైటు ప్రమాదాలన్నీ అంటగట్టి పంపినారు. ఎవరూ కనిపెట్టలేదు.) "ఇదంతా నువ్వే బాగు చెయ్యాలబ్బా" అన్నాడు మా మేనేజరు. ఆయన్ని మేము చాటుగా డెడ్‌లైన్ అన్న అనేవాళ్ళం.

బాగు చేసినాను. అరగంట మీటింగుని నాలుగు గంటలు చేసినాను, రెండు పేజీల కాగితాన్ని ముప్పై పేజీలు చేసినాను. ఒక్కో ప్రమాదానికీ అందరూ ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని చెప్పాలి. ఎక్కువ అంటే దాన్ని ఆపే పని అన్నవాడి మెడకే చుట్టుకుంటుంది. తక్కువ అంటే నేను లేచి క్లాసు పీకుతాను. అందుకని అందరూ గోడ గడియారం వైపు చూస్తూ మధ్యస్థం అనేవాళ్ళు. సముద్రం పొంగి గుంటలున్న అల్లూరు మునిగితే? మధ్యస్థం. విదేశీ దొంగలు మన రొయ్యల మీద పడితే? మధ్యస్థం. మా టెస్టరు ఒకాయన ఉండేవాడు, వయసులో పెద్ద, అందరికీ మామ. "అల్లుడూ, మనలో ఒక్కడైనా గుంట చూసినాడా? ఒకసారి పొయ్యొద్దామా?" అన్నాడు. "మామా, గుంట, డబ్బా, దొంగ ఎవరెక్కడో గీసిన బొమ్మ ఉంది మన దగ్గర, చాలు" అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

తీరా అంతా అయిపోయినాక, ఏరియేటర్లని ఫోనుకి కలిపే డబ్బా బిగించడానికి అల్లూరు పోయినాము. మా మొదటి రైతు ఒక అక్క, రెండు గుంటలు ఆమే చూసుకుంటుంది. అప్పటికే ఆమె దగ్గర, ఫోను లేకుండా పిన్ కొట్టి వేసే మా పాత రకం డబ్బా ఒకటి ఉంది. షెడ్డు గోడ మీద, దూరంగా రోడ్డు మీదికి కనిపించేంత లావు అక్షరాల్లో, ఎర్ర పెయింటుతో ఆ డబ్బా పిన్ నంబరు రాయించి ఉంది. నాకు కళ్ళు తిరిగినాయి. "ఇదేందక్కా, పిన్ గోడ మీద రాయిస్తారా ఎవరైనా?" అన్నాను. "కరెంటు పొయ్యొస్తే అవి వాటంతటవి తిరగవు సారూ. నేను ఇంటికాడ ఉంటానో, ఊర్లోనే ఉండనో. దోవన పొయ్యే మడిసి ఎవురైనా ఏస్తాడని రాయించినా. ఐసు బండి సాయిబన్నే ఎన్నిసార్లు ఏసినాడో" అనింది. నేను ఆమెకి దొంగల గురించి గంటసేపు చెప్పినాను. పాపం, చదువుకున్నోడు చెప్తున్నాడని వినింది. గోడకి సున్నం కొట్టించినాను. కొత్త పిన్ పెట్టించి, మనవరాలిక్కూడా చెప్పొద్దన్నాను. మూడుసార్లు తప్పు కొడితే గంటసేపు తాళం పడేట్టు చేసినాను. డబ్బా మీద ఏరియేటర్లు వేసే పచ్చ బటన్ కూడా పిన్ కొట్టందే పనిచెయ్యదు, అదీ నా తెలివే. రాయితో పగలగొడతారేమోనని మందపాటి ఇనప పెట్టె తెప్పించినాను.

మూడు వారాలు తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం ఆకాశం మోడం పట్టి, గాలి స్తంభించి, కరెంటు పోయింది. అక్క గూడూరులో చుట్టాల పెళ్ళిలో ఉంది, ఫోను సంచీలో, సంచీ ఇంకొకరి కార్లో. కరెంటు వచ్చింది గానీ ఏరియేటర్లు తిరగలేదు. అటుగా పోతున్న సాయిబన్న రొయ్యలు పైకి తేలడం చూసి, బండి ఆపి పరిగెత్తినాడు. తనకి గుర్తున్న పాత పిన్ కొట్టినాడు, మళ్ళీ కొట్టినాడు, మూడోసారి కొట్టినాడు. తాళం పడింది. ఆఖరికి రాయి తీసుకుని పెట్టెని బాదినాడంట, చెయ్యి చిట్లింది గానీ పెట్టెకి సొట్ట కూడా పడలేదు. మేము రాసిన ముప్పై పేజీల్లో నిజంగా జరిగిన ప్రమాదం ఆ రాయి దెబ్బ ఒక్కటే. దాన్నుంచి గుంటని భేషుగ్గా కాపాడినాము.

మరునాడు నన్నే పంపినారు. గట్టు మీద చచ్చిన రొయ్యలు కుప్పలు పోసి ఉన్నాయి. ఒక గుంట మొత్తం పోయింది. క్షమించమని అడగడానికి నోరు రాక, వెధవని, కాగితాలు తీసి మేమెంత జాగ్రత్తగా ఆలోచించినామో చూపించబోయినాను. అక్క బొమ్మ ఉన్న పేజీ నా చేతిలోంచి తీసుకుంది. "ఇందులో నేను యాడుండా?" అనింది. చూపించినాను. "ఈ ఎర్ర గీతేంది?" గీత లోపలున్నోళ్ళని నమ్మొచ్చు, బయటున్నోళ్ళని నమ్మకూడదు అని చెప్పినాను. "సాయిబన్న?" బయటే. "నేనూ బయటేనా? దొంగ బొమ్మ పక్కన?" తలూపినాను. "మరి లోపల ఎవురుండారు?"

"మేము" అన్నాను.

ఆమె తిట్టలేదు. కాగితం నలగకుండా మడిచి నా చేతికిచ్చింది. "అట్నా. మీరు నన్ను నమ్మరని ముందే చెప్పుంటే, నేనూ మిమ్మల్ని నమ్మకుండా ఉందును కదా అబ్బయ్యా" అనింది.

ఆమె మళ్ళీ రొయ్యలు వెయ్యలేదు, గుంటలు వేరేవాళ్ళకి ఇచ్చేసిందని విన్నాను. నేనిప్పుడు కుర్ర టీములకి ఇదే పని నేర్పే ఉద్యోగంలో ఉన్నాను, వాళ్ళు నేర్చుకుంటారని ఆశ లేదు, నేనెక్కడ నేర్చుకున్నాను గనక. ఆ రోజు అల్లూరు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నెల్లూరు దాకా నిలబడే వచ్చినాను. మెడలో ఐడీ కార్డు, ఇన్‌షర్టు, బూట్లకి గుంట బురద. అట్ట నిలబడ్డ ఆ పిలగాడి మీద నాకు చాలా ఏళ్ళు కోపంగా ఉండేది. ఇప్పుడు కొంచెం నవ్వే వస్తుంది. పాపం, వాడు నిజంగానే ఆ గుంటని కాపాడాలనుకున్నాడు.