ఎల్లారావు ఆటోలో రెండు బడులు

పెందుర్తి కూడలి దాటాక కొండవైపు తిరిగే రోడ్డు మీద, పొద్దున్నపూట, బడిపిల్లల్ని కుక్కుకుని పోయే ఆటోలకి కొదవ లేదు. వాటిలో ఎల్లారావు ఆటోని గుర్తుపట్టడం తేలిక. మిగతా ఆటోల్లో పిల్లలందరి మెడల్లోనూ ఒకే రంగు టైలు వేలాడుతుంటాయి. ఇతని ఆటోలో సగం మందికి ఎర్ర టైలు. మిగతా సగానికి టై లేదు సరిగదా, ఒకరిద్దరి కాళ్ళకి చెప్పులు కూడా ఉండవు. కొనలేక కాదు. మట్టి తొక్కితే పిల్లలకి మంచిదని వాళ్ళ బడిలో చెబుతారట.

ఎర్ర టైలవాళ్ళది నాలుగంతస్తుల స్కూలు. గేటు పక్కన పెద్ద ఫ్లెక్సీ, దాన్నిండా రాంకులొచ్చిన పిల్లల మొహాలు. అందరూ దాన్ని పెద్దస్కూలు అంటారు. అక్కడ రోజూ పొద్దున్నే స్లిప్ టెస్టు. మార్కుల్ని బట్టి సెక్షన్లు. ఈ నెల పై సెక్షన్లో కాలర్ ఎగరేసినవాడు వచ్చే నెల కింది సెక్షన్లోకి దొర్లి రావచ్చు. టైలు లేనివాళ్ళది అక్కడికి కాస్త ఇవతల, జీడిమామిడి తోటలో రేకుల షెడ్ల కింద నడిచే బడి. దానికేదో సంస్కృతం పేరుంది గానీ ఎవరికీ నోరు తిరగదు. తోటబడి అంటే సరిపోతుంది. అక్కడ ఐదో తరగతి దాకా పరీక్షలే లేవు. పిల్లలు మొక్కలకి నీళ్ళు పోస్తారు, పప్పులు తూకం వేస్తారు, చెట్టు కింద గుండ్రంగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి.

రెండిళ్ళ చుట్టం లాంటి ఎల్లారావుకి ఈ రెండింటిలో ఏది మంచిదో పన్నెండేళ్ళుగా మోస్తున్నా తేలలేదు. ఈ మధ్య తేల్చుకోవాలన్న ఓపిక కూడా పోయింది.

అతని చదువు వేరే రకం. శృంగవరపుకోట వైపు పల్లెలో గురునాథరావు మాస్టారి దగ్గర చదివాడు. ఆ మాస్టారు చెడ్డవాడేం కాదు, చింతబరికె లేనిదే చదువు రాదని నమ్మినవాడు. పదిహేడో ఎక్కం దగ్గర ఎల్లారావు తడబడేవాడు. తడబడినప్పుడల్లా గోడకుర్చీ. గోడకి వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు నిలబడితే, తొడలు వణికి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. ఒకరోజు గోడకుర్చీ వేయమనగానే తిన్నగా గుమ్మం దాటి పరిగెత్తాడు. మళ్ళీ బడి మొహం చూడలేదు. లారీ క్లీనరుగా పోర్టుకి తిరిగాడు, తర్వాత ఆటో కొన్నాడు. ఇప్పటికీ ఎక్కడైనా పదిహేడు అన్న అంకె కనిపిస్తే అతని మోకాళ్ళలో సన్నగా నొప్పి పుడుతుంది.

అందుకే అతనికి ఉన్న కోరికల్లా ఒక్కటే. కూతురు ఆశాజ్యోతి తనలా చదువుని చూసి పారిపోకూడదు. ఆ పిల్ల పెద్దస్కూల్లో నాలుగో తరగతి. పిల్లల్ని తెచ్చి చేర్పించే ఆటోవాళ్ళకి ఆ స్కూల్లో సొంత పిల్లల ఫీజు తగ్గిస్తారు. ఆ తగ్గింపు మీదే ఆశ అక్కడ చదువుతోంది. ఎర్ర టై కట్టుకున్న కూతుర్ని చూస్తే ఎల్లారావు భార్య పుష్పకి కడుపు నిండిపోతుంది. అపార్టుమెంట్ల బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, రోజూ అందరి బట్టల కంటే ముందు ఆ టైనే ఇస్త్రీ చేస్తుంది. కానీ స్లిప్ టెస్టు ఉన్న రోజు పిల్ల ఇడ్లీ ముక్క కూడా మింగలేదు. రోజూ స్లిప్ టెస్టే.

ఆటోలో ఆశ పక్కన కూర్చునేవాడు చింటూ. తోటబడి పిల్లాడు. ఉక్కు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ కొడుకు, గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. తోటబడిలో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దున్నే అందరూ గుండ్రంగా కూర్చున్నాక, ఒక్కొక్కరూ ఆ రోజు దారిలో చూసిన విషయం ఒకటి చెప్పాలి. చింటూకి దారిలో ఏమీ కనబడేది కాదు. వాడి చూపంతా ఆశ నోటు పుస్తకం మీదే. ఎక్కం తప్పితే పెద్దస్కూల్లో దాన్ని పదిసార్లు రాసుకు రమ్మంటారు. ఆ అంకెలు ఒకదాని కింద ఒకటి వరసగా దిగుతుంటే వాడికి నోరూరేది. వాడి బడిలో అలాంటివి రాయనివ్వరు మరి. ఎవరి పిచ్చి వారికానందం.

"నువ్వు రాయి, నాను సూత్తాను," అంది ఆశ ఒకరోజు.

ఆ రోజు నుంచి బేరం కుదిరింది. చింటూ తల వంచుకుని ఎక్కాలు రాసేవాడు. ఆశ ఆటోలోంచి తల బయటకి పెట్టి లోకాన్ని చూసేది. చూసింది వాడికి అప్పజెప్పేది, వాడు తోటలో చెప్పేవాడు. కొబ్బరిబొండాల బండివాడు సోడా కొనుక్కుని తాగుతున్నాడు. రైల్వే గేటు పడితే గేదె కూడా మనుషుల పక్కన బుద్ధిగా ఆగింది. ఒకసారి పెద్ద లారీ ఎదురైతే ఆశ ముందుకు వంగి తండ్రి భుజం తట్టింది.

"నాన్నా, అంత పెద్ద లారీలో ఒకటే ఇనప సుట్ట ఉందేటి? మిగతాదంతా కాళీయే!"

"అదొక్కటే లారీ మోసినంత బరువమ్మా. ఇంకోటెడితే ఇరుసు ఇరిగిపోద్ది," అన్నాడు ఎల్లారావు.

కూతురు అలా అడగడం విని ఎన్నాళ్ళయిందో! అతనికి ఎంత సంతోషం కలిగిందంటే, మర్నాటి నుంచి తిన్నని రోడ్డు మానేసి రైల్వే గేటు దారిన వెళ్ళడం మొదలుపెట్టాడు. గేటు పడితే ఆటో ఆగుతుంది. ఆగితే వాడు రాసుకుంటాడు, పిల్ల చూసుకుంటుంది. అద్దంలో ఇద్దర్నీ చూస్తూ, తాను మంచిపనే చేస్తున్నాననుకున్నాడు పాపం.

దసరా సెలవుల ముందు బండారం బయటపడింది. ముత్యాల్లాంటి అంకెలతో ఎక్కాలు రాసుకొచ్చే పిల్లని బోర్డు దగ్గర నిలబెట్టి అడిగితే ఒక్క మెట్టు ఎక్కలేకపోయింది. క్లాసు టీచరు ఎల్లారావుని పిలిపించింది. పెళ్ళి కూడా కాని పిల్ల, రోజంతా నిలబడి అరిచి గొంతు బొంగురుపోయింది. ఆమె మొహంలో కోపం కంటే భయమే ఎక్కువ కనబడింది అతనికి.

"పిల్లలకే కాదు అంకుల్, మాకూ రాంకులుంటాయి. నా సెక్షన్ కింద నుంచి రెండోది. ఇప్పుడీ సంగతి ప్రిన్సిపల్ మేడంకి చెప్పకపోతే నా మీదకొస్తది," అంది.

సంగతి మేడం దాకా వెళ్ళింది. ఇలాంటి పిల్లని ఉంచాలో వద్దో సెలవుల తర్వాత చెబుతానంది ఆవిడ.

ఆ వారమే చింటూ వాళ్ళమ్మ సత్యశ్రీ వీధిలోకి ఎదురొచ్చి ఆటో ఆపింది. ఊరు మొత్తం మీద ఎల్లారావుని గారూ అని పిలిచే మనిషి ఆవిడొక్కతే.

"ఎల్లారావు గారండీ, మొన్న మా ఆడపడుచు ఇంట్లో ఫంక్షన్‌కి వెళ్తే మావాడు ఇరవై ఎక్కాలూ గడగడా అప్పజెప్పేశాడండీ! ఆ తోటలో మూడేళ్ళకీ రానివి మీ ఆటోలో వచ్చేశాయండీ! వాడికి చదువు మీద ఇంత ఆశుందని మాకే తెలీలేదు. సెలవులయ్యాక పెద్దస్కూల్లో వేసేస్తున్నాం. వాళ్ళ నాన్నగార్ని కూడా ఒప్పించేశాను."

ఎల్లారావు నవ్వలేక నవ్వాడు.

తోటబడి నడిపే వీరేంద్ర కూడా పిలిపించాడు. కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి విసిగి, ఉద్యోగం మానేసి ఈ తోట పెట్టుకున్న మనిషి. చివాట్లు పడతాయనుకుంటూ వెళ్ళాడు ఎల్లారావు. అటు పెద్దస్కూలు, ఇటు తోటబడి, మధ్య తను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. తీరా వెళ్తే వీరేంద్ర పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"చింటూ అంతా చెప్పాడు. సోడా తాగే బొండాలబ్బాయి, గేటు దగ్గర ఆగిన గేదె, లారీలో ఒక్క చుట్ట... ఇన్నాళ్ళూ నేను మెచ్చుకున్నది మీ అమ్మాయినన్నమాట. తీసుకురా ఎల్లారావ్, ఇక్కడ చదువుకుంటుంది. ఫీజు అడగను."

ఎల్లారావు గుండె ఒక్కసారి పొంగింది. వెంటనే చల్లబడింది.

"ఇక్కడ సదివితే ఏటవుద్ది సార్?"

"ఏమవ్వాలో తనే తేల్చుకుంటుంది."

"తేల్చుకోడానికి టైముండాల కద సార్," అన్నాడు ఎల్లారావు. వీరేంద్ర మంచి మనిషే. వానలకి పగిలిన పాదుని చెప్పుకాలితో సర్దుతూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే పుష్ప ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"మావా, ఆల పిల్లలు మొక్కలకి నీల్లు పోత్తే సదువంతారు. మన గుంట పోత్తే పనంతారు. చింటూగాడికి సదువు రాపోయినా ఆల నాన్న కట్టిన ఇల్లుంది. మన పిల్లకేటుంది? నా ఇస్త్రీపెట్టా, నీ ఆటోనా?"

"తిండి తినట్లేదే గుంట."

"నువ్వు గోడకుర్చీ వెయ్యలేక పారొచ్చీసావు. ఆ రోజు ఎవురైనా నిన్ను రెక్కట్టుకుని ఎనక్కి తీసుకెల్లుంటే ఇయ్యాల ఈ ఆటో తోలుదువా?"

తనని ఎవరూ వెనక్కి తీసుకెళ్ళలేదన్న బాధ ఎల్లారావుకీ ఉంది. తీసుకెళ్ళుంటే ఏమయ్యేదో తెలియదన్నదీ నిజమే. గోడకుర్చీ వేసి వేసి పైకొచ్చినవాళ్ళు ఉన్నారు, మోకాళ్ళు పోయినవాళ్ళూ ఉన్నారు. తను ఎందులో ఉండేవాడో ఎవరు చెబుతారు? రెండ్రోజులు ఆలోచించాడు. ఆలోచన ఎటూ తెగక, తల నొప్పి మాత్రం మిగిలింది. మూడో రోజు వీరేంద్రకి ఫోన్ చేసి, వద్దులెండి సార్ అని చెప్పేశాడు.

సెలవుల తర్వాత ప్రిన్సిపల్ మేడం నవ్వుతూ మాట్లాడింది. చింటూ అడ్మిషన్ ఎల్లారావు ఆటో ఖాతాలో పడిందట. "అమ్మాయి విషయం మర్చిపోదాం. ప్రస్తుతానికి కింది సెక్షన్‌లో కూర్చోబెడతాం. ఎక్కాలన్నీ వచ్చేస్తే పైకి తీసుకుంటాం," అంది. అలా, పిల్ల ఏ తప్పు చేసిందన్నారో ఆ తప్పే పిల్ల సీటుని కాపాడింది.

ఇప్పుడు ఆటోలో ఇద్దరికీ ఎర్ర టైలే. చింటూకి ఆ స్కూలు బాగా నచ్చింది, అబద్ధమెందుకు. వచ్చిన నెలకే పై సెక్షన్‌కి ఎగబాకాడు. వాడికి కావలసిన అంకెల వరసలు కడుపునిండా దొరుకుతున్నాయి. ఆశకి రాసిపెట్టేవాడు లేడు. ఆశ చూసింది కావలసినవాడూ లేడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పెదాలు కదుపుతూ కూర్చుంటుంది.

ఒకరోజు గేటు దారి మలుపు దగ్గరికొచ్చేసరికి తల ఎత్తింది.

"నాన్నా, అటెల్దామా?"

"లేటయితే బయట నిలబెట్టేత్తారమ్మా."

పిల్ల మలుపు దాటేదాకా అటే చూసింది. తర్వాత పుస్తకంలోకి తల దించుతూ, "అయితే నువ్వు సూసి సాయంత్రం సెప్పు నాన్నా. నాకు టెస్టుంది," అంది.

పిల్లల్ని దింపేశాక ఎల్లారావు ఖాళీ ఆటోతో పని లేకపోయినా గేటు దారిన వెళ్ళాడు. గేటు పడింది. ఇంజను ఆపి, చూడటం ఎలాగో తెలియనివాడిలా అటూ ఇటూ చూశాడు. ఇన్నేళ్ళు రోడ్డు మీదే బతికాడు గానీ, గుంతలూ పోలీసులూ తప్ప ఇంకేమైనా చూశాడా? వాన అప్పుడే వెలిసింది. బొగ్గు వేసుకుని పొడుగాటి గూడ్సు బండి పోర్టు నుంచి వస్తోంది. దాని ఆఖరి పెట్టెలో గార్డు, లోపల కూర్చుని కూడా, నెత్తిన గొడుగు వేసుకుని ఉన్నాడు. బయట వాన ఆగిపోయింది, పెట్టె కప్పు మాత్రం ఇంకా కారుతోంది కాబోలు. ఆ గార్డు పచ్చజెండా ఒక చేత్తో, గొడుగు ఒక చేత్తో పట్టుకుని రాజులా వెళ్ళిపోయాడు.

ఎల్లారావు పైకే నవ్వేశాడు. పక్క స్కూటర్ మీదున్నాయన వింతగా చూశాడు కూడా. ఆ రోజంతా అతని పెదాల మీద ఆ గొడుగు గార్డే. ఎలా మొదలుపెట్టాలో, గొడుగు సంగతి ముందు చెప్పాలో చివర చెప్పాలో మనసులో నాలుగైదు సార్లు చెప్పుకున్నాడు.

సాయంత్రం పిల్లలెక్కారు. ఒక్కొక్కళ్ళనీ వాళ్ళ వాళ్ళ వీధుల్లో దింపాడు. చివరికి ఆశ ఒక్కతే మిగిలింది. ఇప్పుడడుగుతుంది అనుకున్నాడు. అద్దంలో చూస్తే పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది, పెదాలు కదులుతున్నాయి. చెబుదామని నోరు తెరిచి, పిల్ల వరస తప్పిపోతుందేమోనని మళ్ళీ మూసుకున్నాడు.

ఇంటి ముందు ఆటో ఆగింది. ఆశ కళ్ళు తెరిచి, ఎన్నాళ్ళకో నవ్వింది.

"నాన్నా, పదిహేడో ఎక్కం వచ్చీసింది."

"మంచిదమ్మా," అన్నాడు ఎల్లారావు.