పందెం అయ్యాక

ఎనిమిదో తరగతిలో ఉండగా దుర్గ్‌లో జరిగిన జిల్లా పోటీల్లో ఎనిమిది వందల మీటర్ల పరుగు గెలిచాను. ఆఖరి మలుపులో ముందున్న అమ్మాయిని దాటినప్పుడు చెవుల్లో గాలి హోరు తప్ప మరేమీ వినిపించలేదు. ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది.

నాన్న తను పనిచేసే ఉక్కు ప్లాంటుకి సెలవు పెట్టి మరీ వచ్చాడు. నేను గీత దాటగానే పక్కనున్న పెద్దవాళ్ళ వైపు తిరిగి, "మేరీ బేటీ హై", నా కూతురే, అంటూ అందరితోనూ చేతులు కలిపాడు. స్కూటర్ మీద దారంతా ఆయనే మాట్లాడాడు.

"మొదటి రౌండు నెమ్మదిగా ఎల్లమని నాను సెప్పబట్టే గెలిసినావు. సేతులు మాత్రం సరిగ్గా ఊపట్లేదు నువ్వు."

సాయంత్రం ప్లాంటు పనివాళ్ళుండే క్యాంప్ వన్‌లోని మా ఇల్లు జనంతో నిండిపోయింది. అమ్మ టీ కాస్తూనే ఉంది.

"పిల్లకి తిండేటి పెడతన్నావు బావా?" అని ఎదురింటి మావయ్య నాన్నని అడిగాడు. నాన్న చెప్పాడు. నాది ఎవరి పోలికో తేల్చుకోవడానికి వాళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

మరుసటి ఏడు అదే పందెంలో నాలుగో స్థానంలో వచ్చాను. నాన్న స్కూటర్ తేవడానికి వెళ్ళిపోయాడు. అందరికన్నా వెనక వచ్చిన అమ్మాయి ముఖాన్ని వాళ్ళమ్మ పమిటచెంగుతో తుడుస్తోంది. ఛత్తీస్‌గఢీ ఆవిడ. నాకూ నీళ్ళ సీసా అందించి, "మజా ఆయా, బేటీ?" అంది. బాగా అనిపించిందా, తల్లీ, అని. జవాబు చెప్పబోయి ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడి నా వీపు నిమిరింది.

ఇంటికి వెళ్ళేదాకా నాన్న నోరు విప్పలేదు.

"ఏటయినాది?" అని అమ్మ అడిగితే, "ఏటవుద్ది? అయిపోనాది" అని పేపరు తీసుకున్నాడు.

పదో తరగతికి వచ్చాక చదువు వంకతో పోటీలు మానేశాను. నాన్న వద్దనలేదు. దుర్గ్ పందెం కథ మాత్రం వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, నేను ఎదురుగా ఉన్నా సరే.

ఆయన పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిన రోజుల్లో నేను ఒక్కదాన్నే బడి మైదానానికి వెళ్ళి అలిసిపోయేదాకా పరుగెత్తేదాన్ని. ఓసారి తలుపు తీసి, చెమటలు కారుతున్న నన్ను చూసి అమ్మ అడిగింది.

"ఎక్కడికెల్లినావే?"

"ఊరికే" అన్నాను.