పగుళ్లు వెతికిన మేస్త్రీ

పాత ఇల్లు కొనాలనుకునేవాళ్లు ఆ చుట్టుపక్కల ముందు మేస్త్రీని తీసుకెళ్లి చూపించేవాళ్లు. ఆయన తాపీ తిరగేసి, పిడితో గోడలు తట్టి, చెవి ఒగ్గి విని, గోడ నిలువు తేల్చే తూకం గుండుని దారంతో వదిలి చూసేవాడు. కొనమంటే కొనేవాళ్లు, వద్దంటే ఇంకో మాట లేకుండా వెనక్కి తిరిగేవాళ్లు. ముఖం చూసి మాట మార్చే మనిషి కాదని ఆయనకు పేరు. అందరి ఇళ్ల మంచిచెడ్డలూ చెప్పిన ఆ మనిషి మాత్రం పెళ్లయిన దగ్గర్నుంచీ అద్దె వాటాలోనే కాపురం. ఆ సంగతి ఎవరూ కదపనంతకాలం ఆయనకూ పట్టేది కాదు.

కదిపినవాడు సాక్షాత్తూ బావమరిది. ఒకప్పుడు ఆయన దగ్గరే సిమెంటు తట్ట మోశాడు. ఇప్పుడు టైల్స్ కొట్టు పెట్టి నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు.

"బావా, ఓ పాత ఇల్లు చూశాను. నువ్వొచ్చి బాగుందంటేనే తీసుకుంటా" అన్నాడు పొద్దున్నే వచ్చి.

మేస్త్రీ భార్య ముఖం చాటంత అయింది. "చూశావా, మా తమ్ముడు సొంతిల్లు కొనేస్తున్నాడు!" అంది. పుండు మీద కారం చల్లడమంటే అదే.

"కొననీ, మంచిదేగా" అన్నాడు మేస్త్రీ. పైకి అన్నది అదే కానీ, లోపల కడుపు భగ్గుమంది. ఇసకకీ సిమెంటుకీ పాళ్లు కుదరక రోజూ తనచేత తిట్లు తిన్నవాడికి ఇల్లా! ఊరందరికీ గోడలు లేపిన తనకేమో మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ల అనుమతి కావాలి. దారి పొడుగునా ఇదే కుళ్లు. బావమరిది వెనక సందులోంచి తిప్పి తీసుకెళ్లాడని కూడా గమనించలేదు.

ఇల్లు చూడగానే మేస్త్రీకి ఒళ్లు మండింది, బాగుంది మరి. ముందు వరండా, నీడ, గాలి. పైకెక్కి చూశాడు, స్లాబు మీద నీళ్లు నిలిచిన మచ్చ లేదు. తలుపులు తీసి వేశాడు, ఒక్కటీ పట్టెయ్యలేదు. గుమ్మం దగ్గర గుండు వదిలాడు, గుమ్మం ఆ దారం పక్కనే నిటారుగా నిలబడి ఆయన్నే వెక్కిరించింది. ఇక కోడిగుడ్డు మీద ఈకలు పీకడం ఒక్కటే మిగిలింది.

వెనక గదిలోకి వెళ్లి తాపీ పిడితో గోడ తట్టాడు. గట్టిగా పలికింది. ఇంకోచోట తట్టాడు, అక్కడా అంతే. అయినా పెదవి విరిచాడు.

"డొల్ల" అన్నాడు.

"డొల్లా?"

"విన్లేదూ? లోపలంతా గుల్ల. పునాది కూడా కుంగుతోంది. ఈ గోడ కట్టినవాడెవడో శుద్ధ పనికిమాలినవాడురా. వచ్చే వానలకి నీ పెళ్లాం పిల్లల మీద పడుతుంది. ఒదిలెయ్."

ఇన్నేళ్ల వృత్తిలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. ఆడగానే కడుపు కొంచెం చల్లబడింది కూడా.

బావమరిది తలుపు దగ్గరగా వేసి, దాని వెనక గోడ చూపించాడు. మోకాలి ఎత్తున, రంగు పొరల కింద, అరచెయ్యి ముద్ర. చిటికెనవేలు వంకరగా ఉంది. ఇప్పుడు ఆ ముద్రని చూపిస్తున్న బావమరిది చేతికీ అదే వంకర వేలు.

"తడి ప్లాస్టరు మీద చెయ్యేశానని నన్ను నెత్తిన మొట్టావు, గుర్తులేదా? అప్పుడు వరండా లేదు, ముందంతా ఖాళీ జాగా. నువ్వు కట్టిన ఇల్లని తెలిసే అడ్వాన్సు మాట్లాడా బావా. లోపలికొస్తే నీకే గుర్తొస్తుంది, మురిసిపోతావు అనుకున్నా."

మేస్త్రీకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ మూలలు గుండ్రంగా తీసిన తీరు, కిటికీ కింద వాలు, అన్నీ తన చెయ్యే. పగుళ్లు వెతికే కళ్లకి అవేవీ కనపడలేదు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు బావమరిది. గొంతులో కోపం లేదు, అదే మేస్త్రీకి ఎక్కువ గుచ్చుకుంది. "నీ గోడని నమ్మనా, నీ మాటని నమ్మనా?"

గోడ చెడ్డదంటే చేతి పేరు పోతుంది. మంచిదంటే నోటి పేరు పోతుంది, పైగా ఇల్లు వాడిదవుతుంది. మేస్త్రీ తాపీని సంచిలో పెట్టుకున్నాడు.

"గోడనే నమ్మరా" అన్నాడు.

ఇంటికి రాగానే భార్య ఎదురొచ్చింది. "ఎలా ఉంది మా తమ్ముడి ఇల్లు?"

"రాయిలా ఉంది" అన్నాడు. కాళ్లు కడుక్కుంటూ ఒక్క క్షణం ఆగి, "నేను కట్టిందే" అన్నాడు. ఆవిడ ఆనందం పట్టలేక వీధిలోకి పరిగెత్తింది, ఇంటి సంగతి పక్కవాటా వాళ్లకి చెప్పడానికి. ఆవిడ చెబుతోంది తమ్ముడి గురించే.