తమ్ముణ్ణి చూశాకే సూది: ఝరాసంగం నుంచి జహీరాబాద్

ఈ ప్రయాణం ఇంట్లో లడాయితో మొదలైంది. మా అవ్వకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. కరోనా టీకా మూడో డోసు వేయించుకోమంటే వినదు. రెండు డోసులు వేసుకున్నా ఆమె తమ్ముడు రాచప్ప తాత కరోనాతో దవాఖానలో చేరి, ఈ మధ్యే ఇంటికొచ్చాడు మరి. దొరికిన కరపత్రమల్లా చదివే నాకు కోపం ఆగలేదు. చివరికి అవ్వ, "రాచప్పను నా కండ్లతోని చూసినంకనే చెప్త" అంది.

ఝరాసంగంలో ఎనిమిదికి షేర్ ఆటో ఎక్కాం. మనిషికి ముప్పై రూపాయలు. నిండితే గాని కదలదు, అరగంట ముందే వెళ్లండి. ఆ అరగంటా నేను టీకా కరపత్రం గట్టిగా చదివాను. టీకా జబ్బును పూర్తిగా ఆపదు. పెద్దవాళ్లకు అది ముదిరి ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాపాడుతుంది.

"అంటే సూది ఏసుకున్నోళ్లు దవాఖానకు పోరా తమ్మీ?" అన్నాడు డ్రైవర్.

"కొందరు పోతరన్నా. తిరిగొచ్చేటోళ్లే ఎక్కువ."

"గట్లయితే జర మెల్లగ చెప్పు. నీ కేకలకే అవ్వకు జరమొచ్చేటట్టుంది."

అందరూ నవ్వారు. అవ్వ కంది చేలవైపు తిరిగి కూర్చుంది. పొద్దున రొట్టె కూడా ముట్టలేదు. నా మీద అలిగిందనుకున్నాను.

తొమ్మిదిన్నరకు జహీరాబాద్. బస్టాండు నుంచి పది నిమిషాలు నడిస్తే తాత ఇల్లు. అరుగు మీద చాయ్ తాగుతున్నాడు.

"రెండు సూదులు ఏసుకుంటివి. మళ్ల ఎట్ల పడ్డవ్ రా?" అంది అవ్వ.

"పడ్డ అక్కా. నాలుగు దినాలు ఆక్సిజన్ పెట్టిన్రు. నడుసుకుంట ఇంటికొచ్చిన." తాత గ్లాసు కింద పెట్టాడు. "పక్క మంచమాయనది నా ఈడే. ఒక్క సూది గూడ ఏసుకోలే. ఆయన రాలే."

అవ్వ చాలాసేపు తమ్ముడి చేయి వదల్లేదు. తాతనూ, ఆ పక్క మంచమాయననూ చూసి టీకా లెక్క తేల్చలేమని నాకు తెలుసు. కానీ అవ్వకు కావలసింది లెక్క కాదు, తమ్ముడు. తాత జొన్నరొట్టె తెప్పిస్తే పళ్లెం పక్కకు జరిపింది.

"వద్దురా. సూది ఏసుకోవాలె గదా, పరగడుపున ఉన్న."

రక్తపరీక్షకు తినకుండా పోయినట్టే దీనికీ పోవాలనుకుందట.

"గా ముచ్చట పొద్దుగాలనే చెప్పొచ్చు గదా అవ్వా?"

"నువ్వు నోరు మూస్తే గదా."

రెండు రొట్టెలు తినిపించి ప్రభుత్వ దవాఖానకు తీసుకెళ్లాను. పదకొండున్నరకు సూది వేశారు, ఖర్చేమీ లేదు. అరగంట కూర్చోబెట్టి పంపారు. తిరుగు ఆటోలో అవ్వ నా భుజం మీద నిద్రపోయింది. కరపత్రంలో ఉన్నది నిజమే. కాకపోతే అవ్వ ఇంట్లోంచి బయల్దేరేటప్పటికే సగం ఒప్పుకుంది, నేనే వినలేదు. మీకొక్క మాట: టీకాకు పరగడుపు అక్కర్లేదు. పెద్దవాళ్లు పొద్దున తినకపోతే, అలిగారనుకోకుండా ఎందుకని ఒకసారి అడగండి.