గ్రహణం మీదికి నెట్టిన గాయం

మొన్న తిరుపతిలో మా కోడలు నెలలు నిండకుండానే ప్రసవించింది. మూడో రోజు మనవరాలి చేతికి సెలైన్ సూది కదలకుండా వేసిన ప్లాస్టర్ తీస్తుంటే గోరంత చర్మం లేచిపోయిందని, నర్సమ్మ తనంతట తానే వచ్చి చెప్పి, తప్పయిందని ఒప్పుకొని, కేసు షీటులో రాసినది కూడా చూపించింది. మా అబ్బాయి ఆమె మీద కేకలేశాడు గాని, నేను తలెత్తలేకపోయాను.

నలభై ఏళ్ల కిందట చిత్తూరులో ఒక చిన్న కాన్పుల ఆస్పత్రిలో నేను నర్సుగా చేరిన కొత్త. నెలలు నిండని ఒక మగబిడ్డకు ముక్కులో వేసిన పాల గొట్టాన్ని పట్టి ఉంచడానికి చెంప మీద ప్లాస్టర్ అంటించి ఉంటే, డ్యూటీ దిగే తొందరలో, పెద్దవాళ్లకు లాగినట్టే దాన్ని ఒక్క లాగు లాగాను. ఉల్లిపొర లాంటి చర్మం దానితోపాటే ఊడి వచ్చింది. ఏడ్చే ఓపిక కూడా లేక ఆ బిడ్డ ఊరికే నోరు తెరిచాడు. పెద్ద నర్సు వచ్చి చూసి, మందు రాసి గుడ్డ కప్పి, "పుట్టుకతోనే ఉండాదని చెప్పు. ఎవురడగతారు?" అంది. అలాగే చెప్పాను.

ఆ తల్లికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. నా మాట పూర్తికాకముందే పక్కనున్న అత్త అందుకుంది. "గ్రహణం పూట కత్తిపీట ముట్టొద్దని మొత్తుకుంటి. ఇన్నావా? సూడు, బిడ్డ మొగం ఎట్ల సేసినావో." ఆ పచ్చి బాలింత గోడవైపు తిరిగి పడుకుంది, ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

రెండు రోజుల తర్వాత, అత్త కాఫీ తేవడానికి వెళ్లిన సమయం చూసి, కట్టు మారుస్తూ ఆమెకు నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "ఈ మాట మా అత్తతో ఒకసారి సెప్తావా అక్కా?" అని అడిగింది. చెప్తానన్నాను. అత్త ఫ్లాస్కుతో తిరిగొచ్చింది. నేను ట్రే తీసుకుని పక్క గదిలోకి జారుకున్నాను. ఇంటికి వెళ్లే రోజు ఆ అత్త నా చేతులు పట్టుకుని, బిడ్డను బతికించినావు తల్లీ అని కళ్లకద్దుకుంది. కోడలు మాత్రం నా వైపు చూడలేదు.

నాతో పనిచేసినవాళ్లు ఇప్పుడు కలిస్తే, ఈ కాలం జనం ప్రతిదానికీ నిలదీస్తారని, ఫోన్లలో వీడియోలు తీస్తారని, మన రోజుల్లో ఎంత మర్యాదగా ఉండేవాళ్లోనని వాపోతారు. నాకూ ఆ రోజులంటే బెంగే. కాని ఆ మర్యాద తలపుకొస్తే మాత్రం ఒళ్లంతా రోత పుడుతుంది.