బావ ఎడమ కన్ను

కారు పందేల వాళ్లంతా అతన్ని "నోరు" అనే పిలిచేవారు. కొండదారుల్లో జరిగే ఆ పందేల్లో ఒక్కో కారులో ఇద్దరుంటారు. ఒకరు నడుపుతారు. రెండోవారు పక్కన కూర్చుని, ముందే రాసుకున్న మలుపుల్ని చదివి వినిపిస్తారు. నడిపేది అతని బావ, అంటే అక్క మొగుడు. చదివేది ఇతను.

మొదటి పందెంలోనే నోరుకి హెల్మెట్లోనే వాంతి అయింది. ఆ స్థితిలోనూ ఒక్క మలుపు తప్పకుండా చెప్పాడు. కారు దిగుతూనే బావ, "చచ్చినా వీణ్ణి వదలను" అన్నాడు.

తర్వాత ఇద్దరూ చాలా కప్పులు గెలిచారు. లాండ్రీ వ్యాను నడిపే అక్క వాటిలో బట్టల క్లిప్పులు వేసుకునేది. "మా ఆయన ఇంట్లో నా మాట ఒక్కటి వినడు. కారెక్కితే మాత్రం మా తమ్ముడు ఏమంటే అదే. వాణ్ణే పెళ్లాడాల్సింది" అని అందరితో చెప్పి నవ్వేది.

ఒకసారి సాధనలో, దారికి ఎడమపక్క కొత్తగా కట్టిన అడ్డుగోడ ఎదురైంది. బావ వేగం తగ్గించలేదు. నోరు కేక పెట్టేసరికే పక్క అద్దం ఎగిరిపోయింది.

"ఎండ కళ్లలో పడిందిరా" అన్నాడు బావ.

ఆ రోజు ఎండే లేదు.

తర్వాత షెడ్డులో బావ బోల్టు బిగిస్తుంటే, నోరు అతని ఎడమవైపు నిలబడి స్పానర్ చాచాడు. అది చెంప పక్కనే ఉన్నా, బావ నేలంతా తడుముతూ వెతికాడు.

"బావా, ఎడమ కన్ను కనబడటం లేదు కదూ?"

బావ చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "నువ్వు చెప్తున్నావుగా, నాకది చాలు. ఈ ఒక్క పందెం రా. అక్కకి చెప్పకు" అన్నాడు.

నోరు కాదనలేకపోయాడు. పందెం రోజు పక్కసీట్లో కూర్చున్నాడు. జెండా ఊపారు. ఇంజను గర్జిస్తోంది.

"చదవరా!"

"చదవను బావా. దారి పక్కన జనం కూర్చుని చూస్తుంటారు. నా కాగితంలో వాళ్లుండరు."

వెనక కార్ల హారన్లు మోగుతున్నాయి. బావ ఇంజను ఆపేసి, కారు దిగి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయాడు.

సంగతి తెలిశాక ఇద్దరికీ అక్క చేతిలో చీవాట్లు పడ్డాయి, పందెం ఆపినందుకు కాదు, తన దగ్గర దాచినందుకు. ఎడమ కన్ను ఇక రాదని, మందు చుక్కలు క్రమం తప్పకుండా వేస్తే కుడి కన్ను నిలుస్తుందని డాక్టరు చెప్పింది. పొద్దున్నే అక్క వ్యానుతో వెళ్లిపోతుంది కాబట్టి చుక్కలు వేసే పని నోరు తీసుకున్నాడు. బావ అతనితో మాట్లాడేవాడు కాదు. "వచ్చారండీ నర్సమ్మగారు" అని గోడకి చెప్పేవాడు.

ఒక పొద్దున తల వెనక్కి వాల్చి, కళ్లు తెరిచి, తనే అన్నాడు: "ఆ రోజు నువ్వు చదివి ఉంటే, జనం ఉన్నా నేను కారు పోనిచ్చేవాణ్ణిరా. అది తలుచుకుంటేనే భయం."

నోరు చేయి పక్కకి జరిగి చుక్క ముక్కు మీద పడింది. "అక్కడ కాదురా, కంట్లో!" అని బావ కసిరాడు. ఇద్దరూ పకపకా నవ్వేశారు.

ఆ వారమే బావ పందెం కారుండే షెడ్డు తాళంచెవి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. "ఇరుకు సందుల్లో నువ్వు వ్యాను తిప్పే తీరు నేను చూడలేదనుకున్నావా?"

"నాకీ వయసులో పందేలేమిటండీ?" అంటూనే అక్క తాళంచెవి కొంగున ముడేసుకుంది.

బావ నేర్పాడు, విసుక్కున్నాడు, బతిమాలాడు. మరుసటి సీజనులో అక్క నడిపింది. పక్కన తమ్ముడు.

"మెల్లగా చదవరా, ఎవరు తరుముతున్నారని?"

"పందెమక్కా ఇది! తరుముతూనే ఉంటారు!"

వాళ్ల వెనక వచ్చినవి రెండు కార్లే. గీత దాటాక బావ పరుగున వచ్చి అక్క వైపు తలుపు తీశాడు.

"ఎలా ఉంది దారి?"

"దారి బాగానే ఉంది. వీడి గోలే భరించలేకపోయాను" అంది అక్క. ఆమె వేళ్లింకా వణుకుతున్నాయి. బావ ఆ వేళ్లను రెండు చేతుల మధ్య పెట్టుకుని, వణుకు తగ్గేదాకా అలాగే నిలబడ్డాడు.