గేటు దగ్గరి గూఢచారి

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, మొదటి ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు ఎవరికైనా తల కాస్త నెరిసినట్టే అనిపిస్తుంది. ఆ రోజుల్లో నేను బెంగళూరు మహదేవపురలో, ఒక పెద్ద అద్దాల భవనంలో ఒకే ఒక్క అంతస్తున్న చిన్న కంపెనీలో చేరాను. చేరిన రోజున పని చెప్పలేదు, సంతకం పెట్టమన్నారు. ఇక్కడ చూసింది, విన్నది బయట చెప్పకూడదు, కంపెనీ గురించి ఇంటర్నెట్‌లో ఏదీ పెట్టకూడదు, మీరితే కోర్టుకు ఈడుస్తాం అని దాని సారాంశం. చదవకుండానే పెట్టేశాను (ఆ వయసులో ఇంకేం చదివి సంతకం పెట్టాం గనక). ఈ రహస్యాలన్నిటికీ కాపలాగా ఒకాయన ఉండేవాడు. మేం ఆయన్ని తాళం సార్ అనేవాళ్ళం. కాఫీలో చక్కెర వద్దన్న మాట కూడా చెవిలోనే చెప్పేవాడు. ఆఫీసు కంప్యూటర్లలో సోషల్ మీడియా అంతా మూయించింది ఆయనే. పసిపిల్లలకు దిష్టిచుక్క పెట్టినంత శ్రద్ధగా మా ఫోన్ల కెమెరాలకు స్టిక్కర్లు అంటించేదీ ఆయనే.

చిక్కల్లా మా అమ్మతో వచ్చింది. హిందూపురం నుంచి రోజూ ఫోను.

"ఏం పని చేస్తావురా నువ్వు?"

"చెప్పకూడదమ్మా."

"కన్నతల్లికి గూడానా?"

"ఒప్పందంలో కన్నతల్లికి మినహాయింపు లేదమ్మా."

"అట్లయితే సంబంధమోళ్ళు అడిగితే నేనేం చెప్పల్ల?"

"మంచివాడని చెప్పు."

"ఆధారం లేకుండా ఎట్ల చెప్పేదిరా?" అని ఫోను పెట్టేసింది.

కొన్నాళ్ళకు నా ఉద్యోగం పర్మనెంట్ చేసే సమయం వచ్చింది. నేడో రేపో లెటర్ వస్తుందనుకుంటూ ఉంటే తాళం సార్ నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు వేసి, కర్టెన్ కూడా లాగాడు. ఆయనది హైదరాబాదు. "నీ మీద ఎవరో కన్నేసిండ్రు," అన్నాడు గుసగుసగా. ఉద్యోగాల సైట్‌లో ఎవరో కొత్తగా ఖాతా తెరిచి, మా టీంవాళ్ళకు వరసగా మెసేజీలు పెట్టారట. తెర నా వైపు తిప్పి చదివాడు: ఆయన చేసే పని ఏమిటి? కంపెనీ నిలబడేదేనా? సాయంత్రాలు ఎక్కడికి వెళ్తారు? కోపం ఎక్కువా? అంతటితో ఆగలేదు. ఒక పెద్దమనిషి రోజూ గేటు దగ్గర నిలబడి, సెక్యూరిటీవాళ్ళకు బాదంపాలు ఇప్పిస్తూ ఇవే ప్రశ్నలు అడుగుతున్నాడట.

"ఇది పక్కా పోటీ కంపెనీ పనే. ముందు నీ వీక్‌నెస్ తెలుసుకుంటరు. తర్వాత బ్లాక్‌మెయిల్. ఆ తర్వాత మన ప్రాడక్ట్ గుట్టంతా అవుట్!"

"నా వీక్‌నెస్ మధ్యాహ్నం నిద్ర సార్. దానికి బ్లాక్‌మెయిల్ దేనికి, ఒక దిండిస్తే చాలు."

"జోకులొద్దు. నువ్వేమన్న లీక్ చేసినవా? సైబర్ పోలీసులకు కంప్లయింట్ టైప్ చేసి పెట్టిన. అందుల నీ పేరు కూడ ఉంది. ఇది తేలేదాంక నీ లెటర్ ఆగుతది. అసలు ఉద్యోగమే ఉంటదో లేదో నేను చెప్పలేను."

అక్కడ నా జోకులు ఆగిపోయాయి. ఈ ఉద్యోగం పోతే తిన్నగా వెళ్ళి మా నాన్న ఎరువుల కొట్లో కూర్చోవాలి. ఆయన ఆ కుర్చీని రోజూ తుడిచిపెట్టి మరీ ఎదురుచూస్తున్నాడు. అయితే అంత భయంలోనూ ఓ మూల చిన్న గర్వం తొంగిచూసింది. నా గురించి అన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాడికి చివరిదాకా నా ఇంటిపేరు తెలియదు.

ఇంతలో తలుపు తోసుకుని సెక్యూరిటీ గార్డు వచ్చాడు. "సిక్కిబిట్ట సార్!" అన్నాడు (దొరికాడని కన్నడంలో). వెనకాలే గూఢచారి. తెల్లపంచె, నుదుట బొట్టు, చంకన గుడ్డసంచి. ఆయాసపడుతూ తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎవరు పంపిండ్రు మిమ్మల్ని?" అన్నాడు తాళం సార్.

"ఇంకెవురు పంపిస్తారప్పా? మా అక్క."

"మీ అక్కది ఏ కంపెనీ?"

"ఆమెకి కంపెనీ ఏంది! ఇంట్లో ఉండాది."

"మరి ఆ ఫేక్ అకౌంట్ ఎవరిది?"

"ఫేకు గీకు కాదప్పా, మా మేనకోడలిది. 'నాకు చూసిన పిల్లగాణ్ణి నేనే విచారించుకుంటా, నువ్వు గేటు కాడ చూడు మామా' అనె. పిల్లనిచ్చేటోళ్ళం, విచారించకుండా ఇస్తామా?" అంటూ నా వైపు తిరిగి, "ఈయనేనా? ఫోటోలో కంటే రవంత సన్నంగా ఉండాడే," అన్నాడు.

మా అమ్మ ఈ సంబంధం సంగతి నాకు చెప్పనేలేదు (నువ్వు మాత్రం నాకన్నీ చెప్తావా అని తర్వాత దెప్పింది). ఒక మనిషి గురించి అంత వివరంగా ఆరా తీసేవాళ్ళు లోకంలో రెండే రకాలు, పోటీ కంపెనీవాళ్ళు, పిల్లనిచ్చేవాళ్ళు. తాళం సార్‌కు మొదటి రకమే తెలుసు.

"సరే కానీ, ఈ పిల్లగాడు చేసే పనేంది? అది మటుకు ఎవురూ చెప్పకుండా ఉండారు," అన్నాడు పెద్దాయన.

"అది చెప్పలేం," అన్నాడు తాళం సార్.

"నువ్వన్నా చెప్పు నాయనా."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే అప్పుడే తెలిసిన సంబంధం అప్పుడే పోతుంది.

"చెప్పకూడదండీ," అన్నాను.

"పెండ్లయినాక మా పిల్ల అడిగితే?"

"అప్పుడూ అంతేనండీ."

ఆయన తొడ చరిచి నవ్వాడు. "భేష్! నాది చిక్కపేటలో చీరల అంగడి. ప్రతి చీరకీ కొన్న ధర, బేరమాడేటోళ్ళకి తెలీకుండా, గుర్తు అక్షరాల్లో రాసి పెట్టుకుంటాం. ఆ అక్షరాలు మా నాయన నాకు చెప్పినాడు, నేను నా పెండ్లానికి ఈ పొద్దుటికీ చెప్పలే. గుట్టు దాచేటోడు ఊరికే దొరకడప్పా. మాకు ఈ పిల్లగాడే కావల్ల."

తాళం సార్ కళ్ళు మెరిశాయి. తన జాతి మనిషి ఒకడు దొరికాడాయనకు. "ఏం అక్షరాలు సార్ అవి?" అన్నాడు ముందుకు వంగి.

"చెప్పకూడదు," అన్నాడు పెద్దాయన.

తాళం సార్ మా ఎదుటే కంప్లయింట్ చెరిపేశాడు. పర్మనెంట్ లెటర్ ఆ సాయంత్రమే వచ్చింది, ముహూర్తం కొద్ది రోజులకు వచ్చింది.

ఆ ఒప్పందం గడువు ఈమధ్యే తీరింది. ఓ ఆదివారం పొద్దున దోసెలు పోస్తున్న మా ఆవిడ దగ్గరికి (అదే, ఆ ఖాతాదారు) గంభీరంగా వెళ్ళి చెప్పాను, మేం ఆ రోజుల్లో తయారుచేసింది, రేపటికి ఎంత ఇడ్లీపిండి రుబ్బుకోవాలో హోటళ్ళకు చెప్పే సాఫ్ట్‌వేర్ అని. ఆవిడ దోసె తిరగేసింది. "ఇంతేనా? దీనికా మా మామని పట్టుకుంటిరి?" అంది. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. నా కోపం, నా నిద్ర, నా సాయంత్రాలు అన్నీ ఇప్పుడావిడకు తెలుసు. ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు కాబట్టి, రోజూ ఫోనులో మా అమ్మకు అన్నీ లీక్ చేస్తోంది. కర్టెన్ వేసిన ఆ గదిలో, ఎవరో నా గురించి ఇంతగా అడుగుతున్నారని భయపడుతూనే లోలోపల మురిసిపోయిన ఆ సన్నటి కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, ప్లేటు పట్టుకుని దోసె కోసం నిలబడ్డాను.